విదేశాల్లో ఇంటర్నేషనల్ స్కూల్ టీచర్ ఉద్యోగం: సిక్కోలు, విజయనగరం టీచర్లకు మొదటి కాగితం నుంచి కాంట్రాక్టు దాకా

"బీఈడీ ఉంది, ప్రైవేటు స్కూల్లో ఐదారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బయటి దేశంలో ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల టీచర్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది.

చాలామంది ప్రకటనలు వెతకడంతో మొదలుపెడతారు. ఆ పని తర్వాత. కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు రెండు మూడు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకోగలరు. లేనివాళ్లు గడువు ముంచుకొచ్చాక ఎవరు ఏది ఇస్తే దానికే సరేనంటారు. అందుకే కింది వరుసలో కాగితాలు ముందు, ప్రకటనలు తర్వాత పెట్టాను.

1. మీకు సరిపోయే స్కూలు ఏ రకమో తేల్చుకోండి

"ఇంటర్నేషనల్" అనే బోర్డు కింద చాలా రకాల స్కూళ్లున్నాయి. ఒకదానికి పనికొచ్చే అనుభవం ఇంకోదానికి పనికిరాకపోవచ్చు.

సీబీఎస్ఈ స్కూళ్లు: గల్ఫ్ దేశాల్లో ఎక్కువ. ఇక్కడి అనుభవం నేరుగా చెల్లుతుంది. బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్ అనే సిలబస్) స్కూళ్లతో పోలిస్తే జీతం తక్కువ, క్లాసులో పిల్లలు ఎక్కువ.

కేంబ్రిడ్జ్, బ్రిటిష్ స్కూళ్లు: మన పదో తరగతి స్థాయి ఐజీసీఎస్ఈ, ఇంటర్ స్థాయి ఏ లెవెల్ చెబుతారు. బ్రిటిష్ టీచర్ అర్హత అయిన క్యూటీఎస్ ఉన్నవారికి మొగ్గు ఉంటుంది.

ఐబీ స్కూళ్లు: ఐబీ అనుభవం ఉన్నవారినే ముందు పిలుస్తారు. బయటి నుంచి నేరుగా దూరడం కష్టం.

అమెరికన్ స్కూళ్లు: సాధారణంగా అక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన టీచింగ్ లైసెన్సు అడుగుతారు. లేకపోతే వీటిమీద సమయం పెట్టకండి.

ఇప్పటిదాకా స్టేట్ సిలబస్ మాత్రమే చెప్పినవారు నేరుగా ఐబీ స్కూలుకు గురిపెడితే ఏళ్లు గడిచిపోతాయి. ముందు గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూలో, విశాఖ లేదా హైదరాబాద్‌లో కేంబ్రిడ్జ్ స్కూలో చూసుకుని, అక్కడ రెండేళ్లు చేసి పై మెట్టుకు వెళ్లడం నయం. మాల్దీవులు కూడా మంచి మెట్టే. అక్కడి సర్కారు బడుల్లో కేంబ్రిడ్జ్ పరీక్షలు రాయిస్తారు, మన దేశం నుంచి టీచర్లు చాలామంది వెళ్తుంటారు. కాకపోతే చిన్న దీవిలో పోస్టింగ్ పడితే ఊరంతా ఒక గంటలో తిరిగేయొచ్చు. ఆ ఒంటరితనం తట్టుకోగలరా అన్నది ముందే ఆలోచించుకోండి.

సబ్జెక్టు సంగతి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు దారి సులువు. ఇంగ్లిష్ టీచర్లకు కొన్ని దేశాల్లో పాస్‌పోర్టే అడ్డం. చైనాలో ఇంగ్లిష్ భాష బోధించే వీసాకు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల వారినే అడుగుతారు. తెలుగు పండితులకు అవకాశాలు చాలా తక్కువ. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

కాఠ్మాండూ, మాస్కో, టెహ్రాన్‌లలో కేంద్రీయ విద్యాలయాలున్నాయి. వాటికి ఇక్కడి కేంద్రీయ విద్యాలయాల్లో పనిచేస్తున్న రెగ్యులర్ ఉద్యోగులను పంపుతారు. బయటివారు ఆ ఆశ పెట్టుకోవద్దు.

2. కాగితాలు: అసలు పని ఇక్కడే

పేరు. ముందు పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, బీఈడీ, పాస్‌పోర్టు నాలుగూ బల్ల మీద పరిచి పేరు అక్షరం అక్షరం పోల్చండి. పదో తరగతిలో "జి. అప్పలనాయుడు", డిగ్రీలో "గేదెల అప్పలనాయుడు", పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో. మన జిల్లాల్లో ఇది ఇంటింటి కథ. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి, బీఈడీ పుట్టింటి పేరుతో ఉన్న టీచరమ్మలకు ఇంకో చిక్కు.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు గల్ఫ్ ప్రయాణంలో ఇబ్బంది పెడుతుంది. 2022 నవంబరు నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులకు విజిట్ వీసా ఇవ్వడం ఆపేసింది. పాస్‌పోర్టును పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం సరిచేయించుకోవడమే శాశ్వత మార్గం. మన రెండు జిల్లాలూ విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికే వస్తాయి. చిన్న తేడాలకు నోటరీ అఫిడవిట్ సరిపోతుందో లేదో స్కూలు హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఒరిజినల్స్. మన వైపు ప్రైవేటు స్కూళ్లలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని కరస్పాండెంట్ గారి బీరువాలో పెట్టేయడం మామూలే. విద్యా సంవత్సరం మధ్యలో అడిగితే "మానేస్తున్నారా మాస్టారూ?" అన్న అనుమానం మొదలవుతుంది. వేసవి సెలవుల్లో, కొత్త ఏడాదికి ఒప్పందం మాట్లాడుకునే రోజే అడగండి. పాస్‌పోర్టు కోసమని చెప్పినా, బ్యాంకు లోను కోసమని చెప్పినా, తీసుకున్నాక తిరిగి ఇవ్వకండి. జిరాక్సు ఇచ్చి సంతకం చేయించుకోండి చాలు.

పట్టా. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో ఇక్కడ ఏళ్ల తరబడి ఉద్యోగం చేసేయొచ్చు. అటెస్టేషన్‌కు, అంటే కాగితం అసలైనదేనని సర్కారు ముద్ర వేయించుకోవడానికి మాత్రం కాన్వొకేషన్ పట్టా, అంటే మనం ఓడీ అనేది, కావాలి. శ్రీకాకుళం జిల్లాలో చాలామందికి డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీది, బీఈడీ ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీది. ఆ యూనివర్సిటీ 2008లో వచ్చింది. అలాంటివారు రెండు చోట్లా విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. పట్టా వచ్చేదాకా మిగతా పనులు ఆగకుండా ఈ దరఖాస్తు అన్నిటికంటే ముందు వేయండి. దూరవిద్యలో డిగ్రీ లేదా బీఈడీ చేసినవారు, మీరు వెళ్లాలనుకునే దేశం దాన్ని ఒప్పుకుంటుందో లేదో స్కూలును అడిగాకే డబ్బు ఖర్చుపెట్టండి.

అనుభవ పత్రం. "వీరు మా పాఠశాలలో సంతృప్తికరంగా పనిచేశారు" అన్న రెండు వాక్యాల కాగితం విదేశీ స్కూలుకు ఏమీ చెప్పదు. పత్రంలో ఇవి ఉండాలి: చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, చెప్పిన సబ్జెక్టు, తరగతులు, సిలబస్, ఫుల్‌టైమా కాదా, స్కూలు గుర్తింపు సంఖ్య, ప్రిన్సిపాల్ పేరు, ఫోన్, మెయిల్. ముసాయిదా మీరే టైపు చేసి తీసుకెళితే లెటర్‌హెడ్ మీద సంతకం దొరకడం తేలిక.

జీతం చేతికి నగదుగా తీసుకునేవారు ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడగండి. అనుభవం నిజమని చూపడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ కంటే గట్టి సాక్ష్యం లేదు.

పోలీస్ క్లియరెన్స్. మీ మీద కేసులు లేవని చెప్పే పత్రం ఇది. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు, ఫీజు 500 రూపాయలు. ముందే తీసుకుంటే పాతబడిపోతుంది. చాలా స్కూళ్లు ఆరు నెలల లోపుదే అడుగుతాయి. ఆఫర్ దగ్గరపడ్డాక తీసుకోండి.

సరిచూసుకోండి:
☐ అన్ని కాగితాల్లో ఒకే పేరు
☐ పాస్‌పోర్టు గడువు కనీసం రెండేళ్లు
☐ ఒరిజినల్స్ అన్నీ మీ ఇంట్లో
☐ డిగ్రీ, బీఈడీ ఓడీలు, మార్కుల జాబితాలు
☐ ప్రతి స్కూలు నుంచి పూర్తి వివరాల అనుభవ పత్రం
☐ అన్నిటికీ రంగు స్కాన్, ఒక్కో కాగితానికి ఒక్కో పీడీఎఫ్

3. అటెస్టేషనా, అపోస్టిలా?

ఏ దేశానికి వెళ్తున్నారన్నదాన్ని బట్టి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా, సింగపూర్ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. అపోస్టిల్ అంటే ఎంబసీ స్టాంపు లేకుండానే ఆ దేశాలు ఒప్పుకునే ముద్ర. వాటికి రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తర్వాత మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ, ఖతార్, కువైట్ లాంటి చోట్లకు అందరూ హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్ అనే రాష్ట్ర ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశపు ఎంబసీ, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

విదేశాంగ శాఖ తాను నియమించుకున్న ఏజెన్సీల ద్వారా కాగితాలు తీసుకుంటుంది. ఆ ఏజెన్సీల పేర్లు శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. "అంతా మేమే చూసుకుంటాం" అనే దుకాణానికి ఒరిజినల్స్ ఇచ్చే ముందు ఆ జాబితా చూడండి, రసీదు లేకుండా ఇవ్వకండి.

ఆఫర్ రాకముందే ఎంబసీ స్టాంపుకు డబ్బు పెట్టొద్దు. యూఏఈ అనుకుని చేయించాక ఖతార్ ఆఫర్ వస్తే ఎంబసీ ఖర్చు మళ్లీ మొదలు. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ వరకు ముందే చేయించుకోవచ్చు.

4. సిలబస్ తేడాను ఇంట్లో కూర్చునే పూడ్చుకోండి

కేంబ్రిడ్జ్ సిలబస్‌లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఐజీసీఎస్ఈ గణితం కోడ్ 0580, ఫిజిక్స్ 0625, కెమిస్ట్రీ 0620, బయాలజీ 0610. మీ సబ్జెక్టుది దించుకుని, పాత ప్రశ్నపత్రాన్ని దాని మార్కింగ్ స్కీముతో కలిపి చదవండి. సిలబస్‌లో ఉన్న పాఠాలు మీకు వచ్చినవే. తేడా ప్రశ్న అడిగే తీరులో ఉంది.

"స్టేట్" అంటే ఒక్క ముక్కలో చెప్పాలి. "డిస్క్రైబ్" అంటే ఏం జరుగుతుందో వర్ణించాలి. "ఎక్స్‌ప్లెయిన్" అంటే ఎందుకు జరుగుతుందో కారణం రావాలి. "సజెస్ట్" అంటే పుస్తకంలో లేని పరిస్థితికి తెలిసిన సూత్రాన్ని అన్వయించాలి. మార్కులు ఈ మాటల మీదే పడతాయి. ఒక పాత పేపరు మీరే సమయం పెట్టుకుని రాసి, మీరే దిద్దుకుంటే మీ లోటు ఎక్కడుందో ఆ పూటే తెలిసిపోతుంది.

క్యూటీఎస్ గురించి: 2023 ఫిబ్రవరి నుంచి భారతీయ టీచర్లు ఇంగ్లండ్ విద్యాశాఖకు నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. మనవాళ్లకు ఇది 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు, భాషలు బోధించే అర్హత ఉన్నవారికి. దరఖాస్తుకు ఫీజు లేదు. ఐపీజీసీఈ అనే ఆన్‌లైన్ కోర్సు చేస్తే క్యూటీఎస్ దానంతట అదే వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ వేర్వేరు. లక్షలు పోసి ఆ కోర్సు చేసే ముందు, మీరు కోరుకునే స్కూళ్ల ప్రకటనల్లో అది అడుగుతున్నారో లేదో చూడండి.

5. బయోడేటా కాదు, సీవీ

మనకు అలవాటైన బయోడేటాలో తండ్రి పేరు, పుట్టుమచ్చలు, మతం, కులం, చివర ప్రతిజ్ఞ లాంటి డిక్లరేషన్ ఉంటాయి. అవన్నీ తీసేయండి. రెండు పేజీలు చాలు.

మొదటి సగం పేజీలోనే మీ సబ్జెక్టు, ఏ వయసు పిల్లలకు చెప్పారు, ఏ సిలబస్, ఎన్నేళ్లు, ఎప్పటి నుంచి అందుబాటులో ఉంటారు కనిపించాలి. "కష్టపడి పనిచేస్తాను" అని రాయడం దండగ. "48 మంది ఉన్న తొమ్మిదో తరగతిలో చదవడంలో వెనకబడిన పన్నెండు మందికి విడిగా వర్క్‌షీట్లు తయారుచేసి వారం వారం పరీక్ష పెట్టాను" లాంటి వాక్యం ఒక్కటి చాలు. చేయని పని మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూలో దానిమీదే ప్రశ్న వస్తుంది, ఆ వర్క్‌షీటు చూపించమంటారు కూడా.

రెఫరెన్సులు ఇద్దరివి కావాలి, వారిలో ఒకరు ఇప్పటి ప్రిన్సిపాల్ అయ్యుండాలి. విదేశీ స్కూలు వాళ్లకు నేరుగా మెయిల్ పంపి రహస్యంగా అభిప్రాయం అడుగుతుంది. ప్రిన్సిపాల్ మెయిల్ చూసే అలవాటు లేనివారైతే ముందే చెప్పి పెట్టండి. మెయిల్‌కు జవాబు రాలేదని ఆఫర్ ఆగిపోవడం మామూలుగా జరిగేదే.

6. ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లు ఏప్రిల్‌లో తెరుస్తారు. వాటి ఇంటర్వ్యూలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. బ్రిటిష్, ఐబీ స్కూళ్లు ఆగస్టు చివర మొదలవుతాయి. వాటి వేట అక్టోబరులో మొదలై మార్చి దాకా జోరుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మిగిలిపోయిన పోస్టులు వస్తాయి. కొత్తవాళ్లకు అవి మంచి అవకాశమే, స్కూలు గురించి మాత్రం రెట్టింపు ఆరా తీయాలి. మన బడులకు సెలవులిచ్చాక మేలో వెతకడం మొదలుపెడితే సీజన్ అయిపోయినట్టే.

టీచర్ ఉద్యోగాల వెబ్‌సైట్లలో టెస్, టీచర్ హొరైజన్స్‌లకు టీచర్లు డబ్బు కట్టక్కర్లేదు. సెర్చ్ అసోసియేట్స్, టీఐఈ ఆన్‌లైన్ లాంటివి అభ్యర్థి నుంచి రుసుం అడగొచ్చు, అనుభవం పెరిగాక చూడొచ్చు. గల్ఫ్ సీబీఎస్ఈ స్కూళ్లకు అన్నిటికంటే మంచి దారి, వాటి సొంత వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీ. కావలసిన నగరంలోని స్కూళ్ల జాబితా ఒక నోటుబుక్కులో రాసుకుని, పంపిన తేదీ, వచ్చిన జవాబు పక్కన నమోదు చేసుకోండి.

7. ఏజెంటుతో జాగ్రత్త

ఉద్దానం నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు గల్ఫ్‌కు వెళ్లడం కొత్త కాదు. అందుకే మనకు "ఏజెంటుకు డబ్బు కట్టాలి" అన్నది సహజంగా అనిపిస్తుంది. మంచి స్కూలు టీచరు నుంచి ఉద్యోగానికి డబ్బు తీసుకోదు. యూఏఈ చట్టం ప్రకారం నియామకం, వీసా ఖర్చులు యజమానే పెట్టుకోవాలి.

ఏజెంటు ద్వారానే వెళ్తున్నట్టయితే కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సు ఉన్నవారు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. "విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్చేస్తాం" అంటే అక్కడితో ఆపేయండి. అనుమానమొస్తే ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని అడగొచ్చు.

8. ఇంటర్వ్యూ

దుబాయ్ మనకంటే గంటన్నర, ఖతార్, కువైట్, సౌదీ రెండున్నర గంటలు వెనక. టైము ఏ దేశానిదో మెయిల్‌లో ఖరారు చేసుకోండి. కరెంటు పోతే అక్కరకొచ్చేలా ఫోన్ డేటా సిద్ధంగా పెట్టుకోండి.

డెమో పాఠం. నిర్వచనం బోర్డు మీద రాసి వివరించడం మన పద్ధతి. అక్కడ పిల్లలు ఏం చేస్తారన్నది చూస్తారు. ఉదాహరణకు సాంద్రత పాఠం. గ్లాసు నీళ్లలో ఒక కోడిగుడ్డు వేయండి, మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పోతే పైకి తేలుతుంది. ఉప్పు వేసే ముందే "ఏమవుతుందో మీ కాగితం మీద రాయండి, ఎందుకో కూడా రాయండి" అని ఆగండి. ఆ మౌనానికి భయపడి మీరే జవాబు చెప్పేయకండి. తర్వాత ఇద్దరి ఊహలు పోల్చి, చివర్లో సూత్రానికి రండి.

పిల్లల భద్రత ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఒక పిల్లవాడు ఇంట్లో ఎవరో కొడుతున్నారని చెప్పి, ఎవరికీ చెప్పొద్దంటే?" మనవాళ్లు ఎక్కువగా "తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడతాను" అంటారు. అది తప్పు జవాబు. సరైన వరుస ఇది: రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వను, ప్రశాంతంగా వింటాను, గుచ్చి గుచ్చి అడగను, పిల్లవాడి మాటల్లోనే రాసుకుంటాను, ఆ రోజే స్కూల్లో పిల్లల రక్షణ బాధ్యుడికి చెబుతాను.

క్రమశిక్షణ గురించి అడిగితే బెత్తం, గోడకుర్చీ ప్రస్తావన సరదాకి కూడా రానివ్వకండి.

9. ఆఫర్ చదవడం, స్కూలును ఎంచుకోవడం

మొత్తం జీతం అంకె చూసి సంబరపడొద్దు. బేసిక్ ఎంత అన్నది చూడండి. యూఏఈలో ఏడాది పూర్తయ్యాక గ్రాట్యుటీకి అర్హత వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్క. రెండు స్కూళ్లూ నెలకు 5,000 దిర్హాములు ఇస్తామన్నాయనుకుందాం. ఒకదానిలో బేసిక్ 2,000, రెండోదానిలో 3,500. రెండేళ్లు చేసి వచ్చేస్తే మొదటి స్కూల్లో గ్రాట్యుటీ 2,800 దిర్హాములు, రెండోదానిలో 4,900.

తర్వాత ఇల్లు. స్కూలే ఇస్తుందా, అలవెన్సా? ఇస్తే ఒక్కరికా, షేరింగా? కుటుంబాన్ని తీసుకెళ్లాలనుకుంటే పిల్లల ఫీజు రాయితీ ఎంత శాతం, ఎంతమందికి అన్నది జీతంకంటే పెద్ద లెక్క అవుతుంది. అద్దె, ఫీజు, రాకపోకలు, తిండి తీసేసి నెలకు ఇంటికి ఎంత పంపగలరో రాసుకోండి. రెండు ఆఫర్లను ఆ మిగులు మీద పోల్చండి.

ఒకే స్కూల్లో ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం వేరుగా ఉండటం కూడా ఉంది. అన్యాయమే, కానీ ముందే తెలుసుకుని వెళ్తే తర్వాత మనసు విరగదు.

స్కూలు నాణ్యతకు దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుదాబీలో అడెక్ అనే స్కూళ్ల పర్యవేక్షణ సంస్థల తనిఖీ నివేదికలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. వాటిలో టీచర్లు ఎంత తరచుగా మారుతున్నారో రాసి ఉంటే ముందు అది చదవండి. ఇంటర్వ్యూ చివర "ఇప్పుడు మీ దగ్గర పనిచేస్తున్న భారతీయ టీచరుతో మాట్లాడొచ్చా?" అని అడగండి. కుదరదంటే కారణం అడగండి. మాట్లాడే వీలు దొరికితే మూడే ప్రశ్నలు: జీతం నెలలో ఏ తారీఖున పడుతుంది, వారానికి ఎన్ని పీరియడ్లు, మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? పాస్‌పోర్టు యజమాని ఉంచుకోవడం యూఏఈలో చట్టవిరుద్ధం.

సంతకానికి ముందు:
☐ బేసిక్, అలవెన్సులు విడివిడిగా రాశారు
☐ వేసవి సెలవులకు జీతం ఉంది
☐ విమాన టికెట్టు ఏటానా, రెండేళ్లకోసారా తెలిసింది
☐ ఆరోగ్య బీమా కుటుంబానికి వర్తిస్తుందో తెలిసింది
☐ ప్రొబేషన్ కాలం రాశారు, యూఏఈలో 6 నెలలు మించకూడదు
☐ మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం ఎంతో తెలిసింది
☐ ఫోన్‌లో చెప్పినవన్నీ కాంట్రాక్టులో ఉన్నాయి

10. బయలుదేరే ముందు

వర్క్ పర్మిట్ కాగితం చేతికి రాకముందు ఇక్కడి స్కూల్లో రాజీనామా ఇవ్వకండి. ఆఫర్ లెటరు, వర్క్ పర్మిట్ ఒకటి కాదు. సర్కారు టీచర్లయితే పాస్‌పోర్టుకూ, విదేశీ ఉద్యోగానికీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. చెప్పకుండా వెళ్తే సర్వీసుకే ముప్పు.

కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు కాపీలు ఒక సెట్టు ఇంట్లో ఇవ్వండి. స్కూలు చిరునామా, ఆ దేశంలోని మన ఎంబసీ నంబరు తెలుగులో రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో ఇంట్లో ఒకరికి నేర్పండి. వెళ్లాక బ్యాంకుకు చెప్పి ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసుల ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతా) మార్పించుకుని, అక్కడి నుంచి పంపే డబ్బుకు ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. మొదటి జీతం పడేదాకా చేతి ఖర్చుకు నెలన్నరకు సరిపడా డబ్బు తీసుకెళ్లండి. చేరిన నెల జీతం చాలా చోట్ల వచ్చే నెలలో గానీ రాదు.